కూజా మొక్కలకు పోసిన నీళ్లు

మొన్న ఎండాకాలంలో బెంగళూరులో మా తమ్ముడి మనవరాలి ఇంట్లో నాలుగు రోజులు ఉన్నాను. ముందు గదిలో, కిటికీకి కాస్త ఎడంగా, బల్ల మీద ఒక అద్దాల తొట్టి పెట్టుకుంది ఆ పిల్ల. చేపల కోసం కొన్న తొట్టేనట. చేపలు చచ్చిపోయాక అందులో మొక్కలు పెంచుతోంది. కళ్లజోడు సవరించుకుని దగ్గరికి పోయి చూశాను. ఆకు కొసనుంచి తీగలా సాగి, ఆ తీగ చివర చిన్న కూజా వేలాడే మొక్కలు. కూజాకు మూత కూడా ఉంటుంది. మూడు మొక్కలూ వాడిపోయి ఉన్నాయి. ఆకుల అంచులు కాఫీపొడి రంగుకు తిరిగాయి. తీగలు కూజాలు కట్టకముందే ఎండి ముడుచుకుపోయాయి. మొదళ్ల దగ్గర నాచు మీద తెల్లగా పొడిలాంటిది పేరుకుంది. లైటు మార్చానని, మూత తీసి చూశానని, వేసి చూశానని, ఎరువు కూడా వేశానని ఆ పిల్ల చెప్పుకుపోతోంది. ఏ నీళ్లు పోస్తున్నావని అడిగాను. బోరు నీళ్లే అంది. ఎరువు కలిసిన మట్టి తీసి పారేయమని, వాననీళ్లు దొరికితే అవి, లేకపోతే కారు బ్యాటరీలో పోసే నీళ్లు కొని తెచ్చి పోయమని చెప్పాను. నీకెట్లా తెలుసు అవ్వా అని ఆశ్చర్యపోయింది. ముప్పై ఏళ్లు బడిలో ప్రకృతిశాస్త్రం చెప్పినదాన్ని, తెలియకేం అన్నాను. బడి చదువువల్ల తెలిసిందన్నది అబద్ధం. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ సంగతి లేదు. ఇంటికి తిరిగొచ్చి పదిహేను రోజులైనా ఆ తెల్లపొడి కళ్ల ముందునుంచి పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా నాయన బద్వేలుకు ఎగువన, ఎద్దులబండిలో ఒక పూట ప్రయాణం చేస్తే వచ్చే ఒక పల్లెలో మిషను ఆసుపత్రి కాంపౌండరు. ఆసుపత్రి అంటే ఆరు మంచాలు, పొడుగాటి వరండా, ఒక మందుల గది. వెనకవైపు మాకిచ్చిన రెండు గదుల ఇల్లు. నేలకు పరిచిన నల్లబండలు మండుటెండలో కూడా చల్లగా ఉండేవి. మధ్యాహ్నం పూట వాటికి చెంప ఆనించి పడుకుంటే ఒళ్లంతా చల్లబడేది. నాయన పొద్దున్నే వేపపుల్ల నములుతూ వరండా ఈ చివరనుంచి ఆ చివరకు నడిచేవాడు. మోచేతులదాకా కార్బాలిక్ సబ్బుతో రుద్ది కడుక్కోనిదే మందుల గదిలో కాలు పెట్టేవాడు కాదు. ఆయన తువ్వాలులో, దుప్పటిలో, చివరకు ఆయన ముద్ద చేసి నా చేతిలో పెట్టే సంగటిలో కూడా ఆ సబ్బు వాసనే. ఆసుపత్రిని ఇంట్లోకి తెస్తాడని అమ్మ రోజూ గొణిగేది. ఆయన ఏదో ఊరికి పోయి రెండు రోజులు రాకపోతే మాత్రం ఆ తువ్వాలే తలకింద పెట్టుకుని పడుకునేది. నాయన మాట తక్కువ. పరుగెత్తడం ఆయనకు చేతకాదనే అనుకునేదాన్ని. సీసాకు చీటీ అంటించినా, పుండుకు కట్టు కట్టినా ఒకే నిదానం.

మా ఊరి బావుల్లో నీళ్లకు కొరత ఎండాకాలంలోనే, సున్నానికి మాత్రం ఏడాది పొడుగునా కొరత లేదు. కుండ అడుగున, చెంబు అంచున, బానకింద బండ మీద ఎక్కడ చూసినా తెల్లటి పొర. ఆ నీళ్లు కంటి మందుకూ సూదిమందుకూ పనికిరావు. అందుకని మందుల గది వెనక పంచలో ఒక రాగి బట్టీ ఉండేది. కింద పొయ్యి, పైన మూత బిగించిన రాగి పాత్ర, దాన్నుంచి ఒక గొట్టం చుట్టలు చుట్టుకుంటూ చల్లనీళ్ల తొట్టిలోంచి పోయేది. ఆవిరి ఆ గొట్టంలో చల్లబడి చుక్కచుక్కగా గాజుజాడీలో పడేది. సోమవారం సోమవారం నాయన పొయ్యి ముందు కూర్చుని ఆ ఆవిరినీళ్లు పట్టేవాడు. ఎండాకాలంలో అది పెద్ద యాతన. కట్టెలు దొరకవు, తొట్టిలో నీళ్లు ఊరికే వేడెక్కుతాయి, మళ్లీ మళ్లీ సగిలేటి ఇసకలో తవ్విన చెలమల నుంచి మోసుకురావాలి. అందుకే జాడీ మందుల గదిలో తాళం కింద ఉండేది. దాహమని ఏడ్చినా నాయన అందులోంచి ఒక గుక్క ఇచ్చేవాడు కాదు.

ఆసుపత్రి నడిపే డాక్టరు దొరసాని యాభై దాటిన మనిషి. పొడగరి. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నది కాబట్టి పలకరింపు కూడా పాఠం చదివినట్టే ఉండేది. ఆమె అన్న సింహళంలో తేయాకు తోటల్లో ఉండేవాడు. ఆయన పంపించాడా కూజా మొక్కలను. టేకు చట్రానికి నాలుగువైపులా అద్దాలు బిగించి, పైన తెరుచుకునే అద్దపు మూత పెట్టిన పెట్టె. ఓడలోనూ రైల్లోనూ కడపదాకా వచ్చి, అక్కడినుంచి బండెక్కింది. దారి గతుకులకు అద్దాలు పగులుతాయని బండివాడు దిగి పక్కన నడుస్తూ వచ్చాడట. మూడు మొక్కలు, ఒక్కోటి ఒక్కో చిన్న మట్టితొట్టిలో. ఆమె గదిలో ఉత్తరపు కిటికీ దగ్గర పెట్టించింది. ఊళ్లోవాళ్లు జబ్బు లేకపోయినా అవి చూడటానికి వచ్చేవాళ్లు. కూజాలో పడిన ఈగ మళ్లీ పైకి రాదని తెలిసి, ఆ పక్కకు పోవడానికి మా అమ్మ భయపడేది. నాకేమో అద్దం మీద ఊపిరి పడేంత దగ్గరగా నిలబడి చూడటం అలవాటైంది. బయట గాలి కాలుతుంటే లోపల అద్దాలకు చెమట పట్టి ఉండేది. ఆ పెట్టెలో మాకెవరికీ తెలియని ఏదో వానల దేశం ఉన్నట్టుండేది.

ఎండలు ముదిరితే దొరసాని రెండు నెలలు కొండప్రాంతానికి పోయేది. ఆ ఏడు పోతూ మొక్కలను మా నాయనకు అప్పగించింది. మూలనున్న మట్టికుండ చూపించి, "ఈ కుండలోని నీటినే పోయవలెను" అని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. నా తల మీద చెయ్యి వేసి నవ్వుతూ, వీటిని బతికించగలిగిన పిల్ల ఏ చదువైనా చదవగలదు అంది. అంతకుముందే నాయన ఆమెను ఒక మాట అడిగి ఉన్నాడు. ఊళ్లో బడి చదువు నాకు అయిపోయింది. కడపలో ఆడపిల్లలు ఉండి చదువుకునే బడికి ఆమె ఒక ఉత్తరం రాస్తే చాలు, చేర్చుకుంటారు. చూద్దాం అంది కానీ రాయలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆమె అన్నది ఏదో ముచ్చటకు అన్న మాట. మా ఇంట్లో మాత్రం అది మొక్కులాంటిదైంది. మొక్కలు బతికితే నేను కడపకు పోతాను. చస్తే పోను. ఆ మాట నాయన ఎప్పుడూ పైకి అనలేదు, కానీ రోజూ పొద్దున సబ్బుతో చేతులు కడుక్కోగానే ముందు ఆ గదిలోకే పోయేవాడు.

కుండ పది రోజుల్లో ఖాళీ అయింది. మేము బావి నీళ్లతో నింపాము. కుండ నీళ్లంటే చల్లటి నీళ్లని మేము అర్థం చేసుకున్నాము. ఆ కుండలో ఉన్నది కిందటి వానకు కప్పు మీదనుంచి పట్టి దాచుకున్న నీళ్లని ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. మూడు వారాలకు ఆకుల అంచులు మాడటం మొదలైంది. ముందు వేడి అనుకున్నాము. కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి గంట గంటకూ తడిపాము. గదంతా కమ్మటి వాసన నిండింది కానీ మొక్కలు తేరుకోలేదు. మూత మూసి ఉండటం వల్ల ఉడుకుతున్నాయేమోనని తీసి పెట్టాము. ఒక్క పూటలో ఆకులు కాగితాల్లా పెళుసెక్కాయి. మళ్లీ మూశాము. తిండి చాలదేమోనని నేను ఈగలు పట్టి ఒక్కో కూజాలో వేశాను. ఒకరోజు చిన్న మాంసం ముక్క కూడా వేశాను. ఆ కూజా నల్లబడి కుళ్లి, పెట్టె మూత ఎత్తితే చచ్చిన ఎలుక వాసన. నాయన మాగిన పశువుల ఎరువు జల్లెడపట్టి మొదళ్లలో చల్లాడు. దాంతో పెద్ద మొక్క రెండు ఆకులు రాల్చింది. కొత్తగా వచ్చిన తీగలన్నీ కొసల్లోనే ఎండిపోతున్నాయి. నాచు మీద తెల్లపొడి రోజురోజుకూ మందమవుతోంది. మేమిద్దరం దాన్ని బూజనుకున్నాము. నేను చీపురుపుల్లతో గీకి తీస్తే, మూడు రోజులకు మళ్లీ వచ్చేది.

అసలు జబ్బు కనిపెట్టింది హుసేనమ్మ. ఆమె ఆసుపత్రిలో కట్లగుడ్డలు ఉతికి, ఉడకబెట్టి, ఆరేసి, మడతలు పెట్టే మనిషి. భర్త పోయాడు. పద్దెనిమిదేళ్ల కూతురు మహబూబ్‌బీని మేమంతా మాబ్బీ అనేవాళ్లం. మాబ్బీ పాత చీరల ముక్కలతో బొంతలు కుట్టేది. పొద్దున తల్లితో పాటు వచ్చి వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుంటే సాయంత్రందాకా సూది ఆగేది కాదు. ఆమె కుట్లు ఆవగింజలు వరసగా పేర్చినట్టుండేవి. నాకు కుట్టడం నేర్పుతూ, నా కుట్లు చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆత్మకూరులో సంతల్లో బట్టలు కుట్టే ఒకతనితో ఆమెకు నిఖా కుదిరింది. ఆ ఎండాకాలం ఆమె కుడుతున్నది తన ఇంటికి తీసుకుపోవాల్సిన బొంత. ఎర్ర ముక్క పక్కన ఏ రంగు పెట్టాలో నన్ను అడిగేది, నేను చెప్పినది మాత్రం ఎప్పుడూ పెట్టేది కాదు.

ఒకరోజు నేను తెల్లపొడి గీకుతుంటే హుసేనమ్మ గడపలో నిలబడి చూసింది. వేలికి కొంచెం అద్దుకుని నాలుక కొసన పెట్టుకుంది.

"ఇది బూజు కాదు పాపా. మన బావిలో సున్నం. ఈ నీళ్లకు మన ఇండ్లల్లో కందిబేడలే ఉడకవు. యాడనో వానల్లో పుట్టిన బిడ్డ ఇది, దీనికెట్ల అరుగుతాది?"

అంతే చెప్పి గుడ్డల గంప ఎత్తుకుని పోయింది. ఆ మధ్యాహ్నమే నాయనను అడిగాను, మొక్కలకు ఆవిరినీళ్లు పోద్దామా అని. ఆయన చీటీ రాస్తున్నాడు. తల ఎత్తకుండానే, "ఆ నీళ్లు మనుషులకు" అన్నాడు. మళ్లీ అడిగే ధైర్యం నాకు లేదు.

మందుల గది తాళంచెవి ఆయన కోటు వెనక మేకుకు వేలాడేది. ఆయన స్నానానికి పోయినప్పుడు ఒక గ్లాసు తీశాను. చిన్న మొక్క ఒక్కదానికే పోశాను, నిజమో కాదో తెలుసుకోవాలని. రెండు రోజులకొకసారి అట్లా తీస్తూ పోయాను. పన్నెండు రోజులకు ఆ మొక్కకు ఒక తీగ కొసన గోరంత ఉబ్బు కనిపించింది. అది రోజూ పెరిగి, ఒక పొద్దున మూత విప్పుకుని నిలబడింది. నా బతుకులో అంతటి సంతోషం ఆ తరవాత మళ్లీ కలగలేదని చెబితే అతిశయోక్తి కాదు. కడప బడి తలుపు తెరుచుకున్నట్టే అనిపించింది. కానీ మిగతా రెండూ చావుకు దగ్గరపడ్డాయి. వాటి మట్టిలో నెలరోజుల సున్నం, దాని మీద ఎరువు. అది కడుక్కుపోవాలంటే గ్లాసు చాలదు. నీళ్లు మట్టిలోంచి పారి, తొట్టి అడుగు చిల్లిలోంచి బయటికి పోవాలి.

ఆ వారమే సగిలేటి వెంబడి పల్లెల్లో కలరా మొదలైంది. మావాళ్లు గత్తర అనేవాళ్లు, అదికూడా గొంతు తగ్గించి. చెలమలు ఎండి, ఒకే గుంటలో మనుషులూ పశువులూ నీళ్లు తాగుతున్న రోజులు. నాయన తెల్లారకముందే లేచి బావుల్లో క్రిములు చచ్చే ఎర్రమందు కలపడానికి ఊరూరూ తిరుగుతున్నాడు. సోమవారం బట్టీ వెలిగించలేదు. కలరా వచ్చిన మనిషికి నరంలోకి ఆవిరినీళ్లతో చేసిన ఉప్పునీళ్లు ఎక్కించడం దొరసాని ఆయనకు నేర్పి, తాను లేనప్పుడు వెనకాడకుండా చేయమని కాగితం రాసి ఇచ్చిపోయింది. బావి నీళ్లు ఎంత కాచినా ఎక్కించవద్దని కూడా రాసింది. అంతకు రెండేళ్ల ముందు అట్లా ఎక్కిస్తే ఒక రైతు చలికి వణికినట్టు వణికి వణికి చచ్చిపోయాడు. ఆ రోజునుంచి ఆ మాట నాయనకు శాసనం. ఒక్క మనిషికి నాలుగు సీసాలు, ఒక్కోసారి ఐదు పట్టేవి. ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు. పక్క పల్లెల్లో ఉంది, మా ఊరికి రాలేదు కదా అనుకున్నాను. రేపో ఎల్లుండో నాయన మళ్లీ పడతాడు కదా అనుకున్నాను. నాయన ఊళ్ల మీదికి పోయిన ఒక ఉదయం తాళం తీసి, జాడీలోంచి రెండు చెంబులు తీసి, రెండు మొక్కలకూ పోశాను. మట్టిలోంచి తెల్లగా కలిసి కారిన నీళ్లు పళ్లెంలోకి దిగుతుంటే, జబ్బు దిగిపోతున్నట్టు కూర్చుని చూశాను.

మధ్యాహ్నం కాకముందే మాబ్బీని మంచం మీద మోసుకొచ్చారు. తెల్లవారినప్పటినుంచి వాంతులూ విరేచనాలూ. ఒక్క పూటలో ఆమె కళ్లు లోతుకు పోయి, వేళ్ల కొసలు నానిన బట్టలా ముడతలు పడ్డాయి. హుసేనమ్మ ఏడవడం లేదు. కూతురి పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతోంది. నాయనకోసం మనిషి పోయాడు. ఆయన వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. మందుల గదిలోకి పోయి జాడీ మూత తీసి చూశాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నావైపు చూడలేదు. జాడీని రెండు చేతులతో ఎత్తి, కొంచెం ఒరగబెట్టి, చివరి చుక్కదాకా కొలపాత్రలోకి వంచాడు. ఒకటిన్నర సీసా వచ్చింది.

ఆ ఒకటిన్నర సీసా లోపలికి పోయేసరికి మాబ్బీ మొహంలోకి రంగు వచ్చింది. చెయ్యి పట్టుకుంటే నాడి తగిలింది. కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది.

"రత్నా, సూది వరండాలోనే వదిలిపెట్టినా. ఎవురన్నా తొక్కుతారు, తీసి బొంతకు గుచ్చు" అంది.

నేను పోయి వెతికి, సూది తీసి బొంతకు గుచ్చి వచ్చాను. అప్పటికే నాయన బట్టీ వెలిగించాడు. ఆయన పరుగెత్తడం నేను చూసింది ఆ ఒక్కరోజే. కట్టెలు లేకపోతే వరండాలో విరిగిన బల్ల కాళ్లు ఊడబెరికి పొయ్యిలో పెట్టాడు. నేను తొట్టిలోకి నీళ్లు మోశాను. కడవ తరవాత కడవ. గొట్టం కొసనుంచి చుక్క పడుతుంది, ఆగుతుంది, మళ్లీ ఒక చుక్క. జాడీ అడుగు తడవడానికే ఎంతసేపు పట్టిందో. నేను ఆ గొట్టాన్ని నోటితో పీల్చాలా, చేత్తో కొట్టాలా అని పిచ్చిదానిలా చూశాను. నాయన మాత్రం మంట ఎగదోస్తూ, తొట్టి నీళ్లు మారుస్తూ, మధ్యమధ్య లోపలికి పోయి మాబ్బీ చెయ్యి చూసి వస్తున్నాడు. ఒక సీసా నిండడానికి ఇంకా నాలుగు వేళ్ల ఎడం ఉందనగా, మసీదులో సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినిపించింది. ఆ పిలుపు అయ్యేలోపల హుసేనమ్మ లోపలినుంచి వచ్చి గడపలో నిలబడింది. "ఇంక చాలుప్పా" అంది. అంతే అంది.

నాయన పొయ్యి ఆర్పలేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చుని జాడీ నింపాడు. తరవాత నాలుగు రోజుల్లో మా ఊళ్లోనే ఆరుగురికి వచ్చింది. ఆ నీళ్లతో అయిదుగురిని బతికించాడు. జాడీ ఎందుకు అంత ఖాళీ అయిందని నన్ను ఒక్క మాట అడగలేదు. అడగకపోవడమే నాకు శిక్ష అనుకున్నాను. ఆ ఇంట్లో అన్నం తింటున్నా, నీళ్లు తోడుతున్నా, ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని వీపు బిగబట్టుకుని తిరిగాను.

పదిహేను రోజులకు హుసేనమ్మ పనిలోకి వచ్చింది. ఎప్పటిలాగే గుడ్డలు ఉడకబెట్టింది, ఆరేసింది. అంతకుముందు మడతలు పెడుతూ ఏదో ఒకటి మాట్లాడేది, ఇప్పుడు మాట లేదు. మొక్కలు కోలుకున్నాయి. మూడూ కొత్త కూజాలు వేశాయి. ఆమె గుమ్మంలోంచి చూసి, నీ బిడ్డలు బతికినాయే పాపా అంది, మెచ్చుకోలుగానే. దొరసాని తొలి వానలతో తిరిగొచ్చి ఆ పెట్టె ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడింది. ఎట్లా చేశావని అడిగితే, నీళ్లు మార్చానని చెప్పాను. తెలివైనదానివి అంది. ఆ వారమే కడపకు ఉత్తరం రాసింది.

నేను బయలుదేరే రోజున హుసేనమ్మ ఒక మూట తెచ్చింది. మాబ్బీ సగం కుట్టిన బొంతను మిగతా సగం తాను కుట్టింది. "నా బిడ్డ మాదిరి సన్నకుట్లు నాకు రావు. ఆడ చలికాలం బండల మీద పండుకుంటారంట కదా, కప్పుకో" అంది. బడిలో ఉన్న ఆరేళ్లూ అది నా పెట్టె అడుగున ఉండింది. ఒక్కరోజూ కప్పుకోలేదు. చలికి వణుకుతూ పడుకున్న రోజులున్నాయి. పక్క పిల్లలు నాకు మతి లేదనుకున్నారు. బడిలో నాకు అన్నీ బాగా వచ్చాయి. మొక్కల పాఠం మరీ బాగా వచ్చింది. ఉప్పు ఎక్కువైన నీళ్లలో వేరు నీరు పీల్చుకోలేదని, పైగా తనలోని నీటినే పోగొట్టుకుంటుందని టీచరమ్మ నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పినప్పుడు, నాకు కనిపించింది మొక్క కాదు, ముడతలు పడిన వేళ్ల కొసలు. బాగా చదివినప్పుడల్లా, బహుమతి వచ్చినప్పుడల్లా, తరవాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా, ఇది ఏ నీళ్లు పోసి పెంచిన చదువో నాకొక్కదానికే తెలుసునని అనుకునేదాన్ని. గది ఖాళీగా ఉన్నప్పుడు వెనకనుంచి ఎవరో నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వినట్టు ఉండేది. తిరిగి చూసేదాన్ని. ఇప్పటికీ చూస్తాను.

ఈ కాలం పిల్లలకు ఇదంతా చెబితే నమ్మరు. మా వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు నీరసంగా ఉందన్నవాళ్లందరికీ ఒక సెలైన్ సీసా వేలాడదీస్తాడు. పోయిన ఏడు నాకూ పెట్టాడు. పక్క మంచం మీద కూలిమనిషి ఒకామె, ఎక్కుతున్న సీసా కింద పల్లీలు తింటూ కూతురితో ఫోన్లో మాట్లాడుతోంది. అయిపోయిన సీసాలు మూలన గోనెసంచిలో పోగుపడి ఉన్నాయి. మా నాయన వంచి వంచి కొలిచిన నీళ్లు, బల్ల కాళ్లు తగలబెట్టి పట్టిన నీళ్లు, ఇప్పుడు గోనెసంచుల్లో పోతున్నాయి. మంచిదే. అట్లాగే పోవాలి. కానీ నేను ఆ మంచం మీద కళ్లు మూసుకోలేకపోయాను.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, ఆ పండగకు కొన్ని నెలల ముందు, నేను సెలవులకు ఊరికి పోయాను. కడపలోనే టీచరుగా పనిచేస్తున్నాను అప్పటికి. దొరసాని తన దేశానికి వెళ్లిపోయి నాలుగేళ్లైంది. అద్దాలపెట్టె తనతో తీసుకుపోలేదు, ఎవరికో ఇచ్చిందన్నారు. నాయనకు చూపు తగ్గి పని మానుకున్నాడు. ఆసుపత్రికి దగ్గరలోనే చిన్న ఇల్లు తీసుకుని ఉన్నారు. ఒక పొద్దున ఆయన వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చుని నాలుగు కాయలు ఒలిచి, ఉన్నట్టుండి చెప్పేశాను. తాళంచెవి, గ్లాసులు, రెండు చెంబులు, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆయన చేతులు ఆగలేదు. చెప్పడం అయిపోయాక ఆగాయి.

"నువ్వూ పోసినావా" అన్నాడు.

నాకు ఆ మాట వెంటనే అర్థం కాలేదు. ఆ తరవాత ఆయనే చెప్పుకొచ్చాడు. హుసేనమ్మ కందిబేడల మాట చెప్పినప్పుడు ఆయన కిటికీ అవతలే ఉన్నాడట. నేను అడిగితే వద్దన్నాడు కానీ, ఆ సాయంత్రమే గది తాళం వేసే ముందు తానే కొంచెం తీసి పోశాడట. ఆ తరవాత రోజూ. కొత్త కూజా వచ్చినప్పుడు అది తన నీళ్లకే వచ్చిందనుకున్నాడు. పాప కడపకు పోతుందని ఆ పూట అన్నం కూడా సరిగా తినలేకపోయాడట, సంతోషంతో. సోమవారం బట్టీ వెలిగించాల్సింది, బావుల పని ఉందని, రేపు చూద్దామని వదిలేశాడు. ఆ రోజు జాడీ తెరిచినప్పుడు ఆయనకు కనిపించింది తన తప్పే. నావైపు చూడలేకపోయింది అందుకట. పదేళ్లపైన, ఒకే ఇంటివాళ్లమై ఉండీ, ఒకే మనిషి చావును ఇద్దరం వేరువేరుగా మోశాము. ఆ ఉదయం జాడీ నేననుకున్నంత నిండుగా లేదన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

పోయి చెప్పేద్దామన్నాను. ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు. చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాను. హుసేనమ్మ మసీదు వెనక సందులో ఒంటిగది ఇంట్లో ఉండేది. పని మానేసింది, వేళ్లు వంకరపోయాయి. మమ్మల్ని చూసి కంగారుపడి, చాప దులిపి వేసి, పక్కింటినుంచి బెల్లం టీ తెప్పించింది. నా ఉద్యోగం, పెళ్లి సంగతి అడిగింది. అమ్మ మోకాళ్ల నొప్పి అడిగింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, నాయన గ్లాసు కింద పెట్టి, "హుసేనమ్మా" అన్నాడు.

"చెప్పుప్పా" అంది ఆమె. ఆయన మాట మొదలుపెట్టే లోపలే నావైపు తిరిగి తానే మాట్లాడింది. "మీ నాయనను చూస్తే నాకు ఆ దినమే మతికొస్తాది పాపా. ఆ ఎండలో పొయ్యి ముందరనుంచి లేయలే. నా బిడ్డ కోసరం అంత పాటుపడిన మనిషి, నా చుట్టాల్లో కూడా యాడా లేడు. అల్లా ఆయప్పను సల్లగా చూడాల అని నేను దువా చేయని దినం లేదు."

నాయన మళ్లీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. ఏమో చెప్పాలనుకుంటివే అని ఆమె అడిగితే, ఏం లేదు, చూసిపోదామని వచ్చినాం అన్నాడు. నేనూ నోరు తెరవలేదు. ఆమెకు మిగిలిన ఒక్క మంచి జ్ఞాపకాన్ని పగలగొట్టడం న్యాయమా, దాచడం న్యాయమా అని ఆ చాప మీద నాకు తేలలేదు. ఈ వయసులోనూ తేలలేదు. గడప దాటేటప్పుడు ఆమె నా తల నిమిరి, మెటికలు విరిచింది.

తిరిగొచ్చేటప్పుడు నాయన మసీదు గోడ దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు. రోజూ కొంచెమే పోసినానని అన్నాడు. అది నాకు చెబుతున్నాడో, తనకు చెప్పుకుంటున్నాడో తెలియలేదు. ఆ మరుసటి ఏడు ఆయన పోయాడు. హుసేనమ్మ ఆ తరవాత చాలాకాలం బతికింది. నేను పోసింది రెండు చెంబులూ, అంతకుముందు ఆరేడు గ్లాసులూ. ఆ కొంచెం అంటే ఎంతో ఆయనను నేను అడగలేదు.